రాగ్న పీపా

పీపా కారుతోంది.

సోల్విక్ ఊళ్లో రాక్‌ఫిస్క్ అనే ఊరవేసిన చేపల పండగ మొదలై రెండు గంటలు కాలేదు. పన్నెండింటికి పోటీ. ఇంగ్విల్ దుకాణంలో మాత్రం పీపా అడుగు నుంచి ఉప్పునీళ్లు ఒక్కో చుక్కా రాలుతున్నాయి.

ఊరిన నీళ్లు పోతే చేప పోయినట్లే. ఆ ట్రౌట్ చేపల్ని మూడు నెలలు కంటికి రెప్పలా కాచుకుంది. నానమ్మ రాగ్న పోయాక ఇంగ్విల్ ఒక్కతే ఊరవేసిన మొదటి పీపా ఇది. పోటీలో ఓడితే ఫర్వాలేదు గాని, నానమ్మ పేరు చెడగొట్టిందన్న మాట పడటం ఆమె వల్ల కాదు.

కంగారులో కుళాయి నీళ్ల జగ్గు అందుకుంది.

“పోయకు. మంచినీళ్లు కలిశాయంటే మూడు నెలల కష్టమూ గంగపాలే.”

అన్నాడొక ముసలాయన. పొద్దుటి నుంచి ఆయన వచ్చి చేప ముక్క తినడం ఇది మూడోసారి. కొనే ఊసే లేదు. రుచి చూసే నెపంతో కడుపు నింపుకునేవాళ్లు ప్రతి పండగలోనూ ఉంటారు.

“నాలుగో ముక్క కావాలా పెద్దాయనా?” అంది ఇంగ్విల్ విసురుగా.

“తర్వాత తింటా. ముందు సుత్తి ఇవ్వు.”

ఇచ్చింది. ఇంకేం చేస్తుంది?

ఆయన సరస్సు ఒడ్డుకు వెళ్లి ఎండు జమ్ము ఆకులు తెచ్చాడు. చాకు మొనతో వాటిని పలకల సందులో దూర్చాడు. ఇనప కట్టు మీద చుట్టూ మెల్లగా తట్టాడు. పీపాకి చెవి ఆనించి విన్నాడు. మళ్లీ తట్టాడు.

చుక్కలు ఆగిపోయాయి.

ఇంగ్విల్‌కి ప్రాణం లేచొచ్చింది. పేరడిగితే హల్వోర్ అన్నాడు. ఏటా పండక్కి వస్తాడట. ఈ దుకాణం దాకా రావడం మాత్రం ఇదే మొదలట. ఎందుకని అడిగితే ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు.

ఇంతలో ఇంగ్విల్ మేనత్త తోరా వచ్చింది. రావడంతోనే కొనేవాళ్లకి ఎప్పటి కథే ఎత్తుకుంది. ఈ పీపా తన తండ్రి స్వయంగా చేసి, తన తల్లి రాగ్నకి పెళ్లికానుకగా ఇచ్చాడట.

“మా నాన్న మేకు కొడితే గోడకంటే ఆయన వేలికే ఎక్కువ తగిలేది. జన్మలో ఇదొక్కటే కుదిరింది. పెళ్లాం మీద ప్రేమంటే అదీ,” అంది తోరా అత్త.

జనం నవ్వారు. హల్వోర్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

“అదృష్టవంతుడు,” అన్నాడు.

ఒంటిగంటకి పోటీ ఫలితం చెప్పారు. మొదటి బహుమతి రాగ్న పీపాకే. అకార్డియన్ మోగింది. తోరా అత్త సంతోషం పట్టలేక న్యాయనిర్ణేతనే లాక్కుపోయి నాట్యం చేయించింది. పాపం, ఆయన చేతిలో ఫోర్కు అలాగే ఉంది.

ఇంగ్విల్ లెఫ్సె రొట్టెలో చేప, పుల్లటి మీగడ, ఉల్లిపాయలు పెట్టి చుట్టి హల్వోర్‌కి తనే అందించింది. నాలుగో ముక్క కావాలా అన్నందుకు మనసులో సిగ్గుపడుతూనే ఉంది.

ఆయన కళ్లు మూసుకుని నెమ్మదిగా తిన్నాడు.

“చక్కెర చిటికెడు ఎక్కువ. అలాగే ఉండాలి,” అన్నాడు.

బస్సు వేళయిందని లేచాడు.

“అడుగు కట్టు తుప్పు పట్టిందమ్మాయీ. మార్చాలి. నువ్వే విప్పు, ఇంకొకరి చేతికివ్వకు.”

“వచ్చే ఏడు కూడా రావాలి. తిన్నగా ఇక్కడికే,” అంది ఇంగ్విల్.

“ఇక్కడికే,” అన్నాడాయన.

ఎక్కడుంటాడో అడగాలని ఆమెకి తోచేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇంగ్విల్ ఖాళీ పీపాని కడిగి, సరస్సు ఒడ్డున బోర్లించింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అడుగు కట్టు ఊడదీసింది.

దాని కింద, అరవై ఏళ్లుగా ఎండ సోకని చెక్క మీద, కాల్చి రాసిన అక్షరాలు వరుసగా ఉన్నాయి. వాటిని చదవడానికి ఆమె పీపా చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాల్సి వచ్చింది.

‘రాగ్నా, పెళ్లికొడుకుని నేను కాకపోయినా, నేనున్నంతకాలం నీ పీపా కారదు. హల్వోర్.’