సాంచె నుంచి స్టీరింగ్‌కు

“సీటు మెత్తగున్నదని మురవకు తమ్మీ. పొద్దుగూకే వరకు నీ నడుమే చెప్తది, గీ పని నీకు పడుతదో లేదో,” అన్నాడు డ్రైవర్ అంబదాస్, పక్కకు తిరిగి నవ్వుతూ.

శ్రీహరి కూడా నవ్వాడు. ఆ పొద్దు అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: ఒక హెవీ లైసెన్సు, సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచెల నడుమ నిలబడి గట్టిపడ్డ కాళ్లు, పోగు తెగితే చటుక్కున పట్టే కళ్లు. సాంచెలంటే మరమగ్గాలు. ఆసామి వాటిని ఒక్కటొక్కటిగా పాత ఇనుము కింద అమ్మేస్తున్నాడు. వచ్చే నెలకు శ్రీహరి నిలబడేందుకు ఒక్క సాంచె కూడా మిగలదు.

జమ్మికుంటలో పత్తి బేళ్లు ఎక్కించుకుని లారీ తెల్లవారుతుండగా బయలుదేరింది. నాగపూర్ దాకా పోవాలి. లారీల యజమాని సంతోష్‌రావు బేరం సూటిగా చెప్పాడు. “అంబదాస్ ఎంబడి ఒక ట్రిప్పు పోయి రా. గాయన సై అంటే బండి నీకిస్త. కాదంటె మల్ల నా గడప తొక్కకు.”

అదే బండిని అంబదాస్ బామ్మర్ది వెంకటి కూడా అడుగుతున్నాడని యార్డులో ఎవరో చెవిన వేశారు. తీర్పు చెప్పేవాడే అవతలి పార్టీకి చుట్టమైతే బేరం ఎటు తేలుతుందో ఎవరికి తెలుసు? అందుకే దారి పొడుగునా శ్రీహరి మనసులో తక్కెడ ఊగుతూనే ఉంది.

నష్టం వైపు మొదటి రాయి వేసింది భార్య మమతారాణి. “నెలల ఎన్నొద్దులు ఇంట్ల ఉంటవు? కావ్య నీ మొఖం మర్చిపోతది,” అంది. మళ్లీ తనే దెప్పింది. “ఉన్నా ఏం లాభంలే! పిల్ల పక్కల్నే గుక్కపెట్టి ఏడ్చినా లేవవు. లారీల కాదు, బస్టాండ్ల పండుకున్నా నీకు ఫికర్ లేదు.”

ఆ దెప్పిపొడుపును శ్రీహరి లాభం వైపే వేసుకున్నాడు. ఎక్కడ పడితే అక్కడ నిద్రపట్టడం డ్రైవరుకు ఆస్తి.

అంబదాస్ మాత్రం నష్టం వైపే బరువు పెంచుతూనే వచ్చాడు. “నా బిడ్డ పెండ్లి ముహూర్తానికి నేనేడున్ననో ఎరుకేనా? ఇండోర్ల, సరుకు దించుకునేటోడు రాక గోదాం ముంగట కూసున్న. ఫోటోల నేను లేను.”

“మరి ఎందుకు చేస్తున్నవన్నా?”

“వేరే పని రాదు గనక.” అంబదాస్ ఓరగా చూశాడు. “అవునుగని, పొద్దటిసంది నా మొఖం గట్ల చూస్తున్నవేంది? రోడ్డు చూడు. పెండ్లిచూపులకొచ్చినవా?”

శ్రీహరి సిగ్గుపడి నవ్వాడు. పెద్దమనిషి మాట్లాడుతుంటే ముఖం చూడటం అతనికి అలవాటు.

కరీంనగర్ దాటాక అన్నాడు, “అన్నా, గీ క్యాబిన్ల ఎంత నిమ్మళం!”

“నిమ్మళమా? గీ డొక్కు ఇంజన్లనా? ఫోన్ల మాట్లాడితె నా పెండ్లాం పిండిగిర్నిల ఉన్నవా అంటది!”

“ఒక్క పూట సాంచెల నడుమ నిలబడు, ఎరుకైతది. ఆడ పక్కోడు చెవుల అరిచినా వినరాదు. పెదాలు చూసుకుంటనే ముచ్చట్లు పెట్టుకుంటం.”

“ఉత్తదే!”

నిర్మల్‌లో టిఫిన్‌కు ఆగినప్పుడు శ్రీహరి రోడ్డవతల నిలబడ్డ ఇద్దరిని చూపించాడు. “డీజిల్ నువ్వే దొంగిలించినవ్ అంటుండు గా లావుపాటోడు. మా అవ్వ తోడు, నేను కాదంటుండు బక్కోడు.”

అంబదాస్ రోడ్డు దాటి వెళ్లి, కడుపు పట్టుకుని నవ్వుతూ తిరిగొచ్చాడు. “బరాబర్ గదే లొల్లి! నీతోని జర జాగ్రత్తగుండాలె తమ్మీ!”

లాభం వైపు ఇంకో రాయి పడింది.

నిర్మల్ ఘాటు ఎక్కి దిగాక అంబదాస్ స్టీరింగ్ అప్పగించాడు. శ్రీహరి బండిని గీత తప్పకుండా నడిపాడు. కాసేపటికి అంబదాస్ బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. పనిలో ఉన్నవాణ్ణి కదిలించకూడదని తెలిసిన మనిషి అనుకున్నాడు శ్రీహరి.

ఉన్నట్టుండి ఎడమ పక్క నుంచి ఎర్ర కంటెయినర్ ఒకటి రాసుకున్నంత దగ్గరగా దూసుకొచ్చి ముందుకు పోయింది. దాని డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ తిట్టాడు.

“చూసినవా అన్నా! ఎనక నుంచి ఒక్క హారన్ గొడితె సైడ్ ఇయ్యకపోదునా? పద్ధతి లేనోడు!”

అంబదాస్ చాలాసేపు అతని వైపే చూస్తూ ఉండిపోయాడు. ముఖంలో నవ్వు లేదు. చివరికి భుజం తట్టి, బోథ్ క్రాస్ రోడ్డు దగ్గరి హోటల్ ముందు ఆపమని చెయ్యి చూపించాడు.

“ఏమన్న తప్పు జేసిన్నా?” లారీ ఆపి అడిగాడు శ్రీహరి, అతని వైపు తిరిగి.

“లేదు. పోయి రెండు చాయ్ చెప్పు. నేను టైర్లు చూసుకోని వస్త.”

వెంకటి గుర్తొచ్చాడు కాబోలు, అనుకున్నాడు శ్రీహరి దిగుతూ. అయినా భయం వేయలేదు. అంబదాస్ ఏమన్నా సరే, సంతోష్‌రావు ముందు తన లెక్క తను చెప్పుకోగలడు. రెండు చాయ్‌లు చెప్పి, నిలబడ్డ చోటే ఆ లెక్క మరోసారి వేసుకున్నాడు. ఇంటికి దూరం, అది నష్టమే. నిద్రకు ఇబ్బంది లేదు, చూపు నిలుస్తుంది, చెయ్యి కుదిరింది. అన్నిటికీ మించి ఆ నిమ్మళం. కూడి తీసి చూస్తే నికరంగా మిగిలేది లాభమే. ఈ పనే తన పని.

చాయ్ పోస్తున్న అవ్వ చెయ్యి గాల్లోనే ఆగింది. బెంచీ మీది ముసలాయన రెండు చెవులూ మూసుకున్నాడు. కోళ్లు చెదిరి హోటల్ వెనక్కి ఉరికాయి. అందరూ శ్రీహరి భుజం మీదుగా రోడ్డు వైపే చూస్తున్నారు.

“ఏమైందవ్వా?” అంటూ వెనక్కి తిరిగాడు.

రోడ్డు మీద ఏమీ జరగలేదు. లారీ ఆపిన చోటే ఉంది. అంబదాస్ స్టీరింగ్ ముందు కూర్చుని, వాడిపోయిన ముఖంతో శ్రీహరి వైపే చూస్తున్నాడు.

అతని అరచెయ్యి హారన్ మీద అదిమి ఉంది.