ముందువైపు బరువు

డ్రాయింగ్ మాస్టారు విమానాన్ని రెండు చూపుడువేళ్ల మీద నిలబెట్టి ఊపిరి బిగపట్టాడు.

రెక్కల అడుగున పెన్సిలు గుర్తులున్నాయి. సరిగ్గా అక్కడే వేళ్లు ఆనించాలి. ముక్కు కాస్త కిందికి వంగితే మంచిదే. తోక వంగిందా, కొంప మునిగినట్టే.

తోక వంగింది.

"చచ్చాం," అన్నాడు మాస్టారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య గుండె మీద చెయ్యేసుకుంది. "ఏమైందండీ? ఫోనొచ్చిందా?"

"లేదు. తోక బరువైంది. బ్యాటరీ ఇంకాస్త ముందుకు జరపాలి."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మామూలు రోజైతే భోజనాల బల్ల మీద జిగురు మరకలు చూసి ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ ఆ బల్ల వంకే చూడటం లేదు. కిటికీ వంక చూస్తోంది. తెర ఒక్కసారి గాలికి ఉబ్బి మళ్లీ వాలిపోయింది.

"గాలి ఎక్కువైనట్టుందండీ. రేపటికి వాయిదా వేస్తే బావుండేది."

"నా చేతుల్లో ఏముంది?"

"అన్నీ మీ చేతులారా చేసినవే. ఈ ఎగిరే పిచ్చిని ఇంట్లోకి తెచ్చిందెవరు?"

మాస్టారి నేరం ఎప్పుడో రుజువైపోయింది, ఇంక వాదించి లాభం లేదు. విమానం పొట్ట మీది మూత తీసి, అరచేతిలో ఇమిడే బ్యాటరీని ముందుకు నెట్టి, పట్టీ బిగించాడు. స్పాంజి విమానమే అయినా చూడ్డానికి ముచ్చటగా ఉంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి చార, ముక్కుకో చిన్న ఫ్యాను. కింద పెట్టిన ప్రతిసారీ బల్ల అంచునున్న ఫోను వైపు ఓ చూపు పారేస్తున్నాడు.

కాలింగ్ బెల్ మోగింది.

"మా తమ్ముడే. వాడి ముందు నోరెత్తకండి. ఊరంతా టముకు వేసి వస్తాడు," అని గుసగుసగా హెచ్చరించి ఆవిడ తలుపు తీసింది.

తమ్ముడు బీమా ఏజెంటు. మనిషి కంటే ముందు మాట లోపలికి వస్తుంది.

"ఏంటి బావా, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టున్నారు ఇద్దరూ? ఓహో, విమానమా! ఇవాళేనా ఎగిరేది?"

"ఇవాళే," అంది అక్క. అని నాలిక్కరుచుకుంది.

"మరి దీనికి బీమా చేయించారా? కూలిందంటే పైసా రాదు!"

ఆవిడ చేతిలోని గ్లాసు జారి నేల మీద భళ్లుమంది.

"నోరు ముయ్యరా అప్రాచ్యుడా! అనరాని మాటలూ నువ్వూనూ!"

తమ్ముడు బిత్తరపోయాడు. నవ్వుతాలుకి అన్న మాట అది. స్పాంజి ముక్క మీద ఇంత ప్రేమ పుట్టిందేమిటో వాడికి అంతుపట్టలేదు. గాజుపెంకులు ఏరుతూ బావ వైపు చూశాడు.

బావ మాత్రం విచిత్రమైన పని చేస్తున్నాడు. విమానాన్ని వేళ్ల మీద నిలబెట్టాడు. ఈసారి చక్కగా కుదిరింది, ముక్కు వెంట్రుకవాసి వంగింది. అంతటితో ఊరుకోవచ్చు కదా! దాన్ని దించి, ముందువైపున్న బ్యాటరీని తీసేసి, మళ్లీ వేళ్ల మీద పెట్టాడు. తోక దభీమని వాలిపోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బ్యాటరీ లేకుండా ఎవరైనా ఎగరేస్తారా బావా?"

"ముందువైపు బరువు తగ్గితే ఎంత తేడా వస్తుందో చూస్తున్నా."

"ఎంతొస్తుందండీ?" అంది భార్య.

"తోక బరువెక్కితే ముక్కు పైకి లేస్తుంది. మరీ లేస్తే గాలి పట్టు తప్పుతుంది. ఎత్తులో ఉంటే సర్దుకోవచ్చు. దిగేటప్పుడైతే..."

"పోయినసారి దిగేటప్పుడే కదండీ, నేలకి తగిలి ఎగిరెగిరి పడింది! ముక్కు లేస్తే ఏం చెయ్యాలో దానికి తెలుసా?"

తమ్ముడు పకపకా నవ్వాడు. "దానికేం తెలుస్తుందక్కా? బావ ఎటు తిప్పితే అటు పోతుంది!"

"ఏనాడు పోయింది కనక!" అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ.

మాస్టారికి మరి చేతులు ఆడలేదు. బ్యాటరీ పెట్టబోతే పట్టీ జారింది. పట్టీ దొరకబుచ్చుకుంటే మూత కింద పడింది. పాతికేళ్లుగా పిల్లల చేత సరళరేఖలు గీయించిన వేళ్లకు ఓ చిన్న మూత పట్టు చిక్కడం లేదు. భయంగా ఉంది. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపొస్తోంది. కిటికీ తెర మళ్లీ ఉబ్బింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక్కసారే అటు తిరిగారు.

"ఈపాటికి దిగాలి కదండీ?" అంది ఆవిడ. తమ్ముడి సంగతి ఆవిడకు గుర్తే లేదు.

"ఇంకా బల్ల మీద నుంచి లేవనే లేదు, దిగడమేంటక్కా?" అన్నాడు వాడు. వాడికి నిజంగానే భయమేసింది. అక్కకి మతి గాని తప్పలేదు కదా!

ఫోను మోగింది.

మాస్టారు ఎగిరి గంతేశాడు. వేలికున్న జిగురుతో ఫోను అద్దం మీద ఎన్ని గీతలు గీసినా అది పలకలేదు. ఆవిడ దాన్ని లాక్కుని, చీర కొంగుతో తుడిచి, స్పీకరు నొక్కింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"నాన్నా, దిగేశా... మొదటిసారి నేనొక్కదాన్నే నడిపా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ సార్ బరువు లేకపోయేసరికి విమానం ఎంత తేలిగ్గా లేచిందో తెలుసా!"