గట్టు మీద వూడూ

ఆకివీడు దగ్గర తన చేపల చెరువు గట్టు మీద బాపిరాజు పక్క చెరువు రైతు ఏలీయా చెయ్యి ఒడిసిపట్టుకున్నాడు. ఆ చేతిలో చిన్న సీసా ఉంది.

“నా చేపలు చస్తుంటే నా చెరువులో ఏం పోస్తున్నారండీ? చేతబడా?”

“దీన్నే వూడూ అంటారు నాన్నా,” అంది కాలేజీలో చదివే కూతురు హర్షిణి.

ఏలీయా ముఖం చిన్నబోయింది. “ప్రార్థన చేసిన నూనెండి. మీ చేపలు బతకాలని పాస్టరుగారిని అడిగి తెచ్చానండి.”

హర్షిణి ఫోన్‌లో వూడూ అన్న మాటకి అర్థం వెతికింది. “నాన్నా, వూడూ అంటే చేతబడి కాదంట. వేరే దేశంలో వాళ్లు దేవుణ్ణి కొలిచే మతమంట.”

బాపిరాజు సిగ్గుపడి చెయ్యి వదిలేశాడు. నీళ్ల మీద ఇంకో చేప వెల్లకిలా తేలింది.

“ఏలీయాగారూ, సీసాలో ఇంకా ఉందాండీ? ఆ తూము దగ్గరే ఎక్కువ చస్తున్నాయి. అక్కడ కాస్త ఎక్కువ పొయ్యండి.”