ఎండ గీసిన ముఖం

"సదానందన్నా, అద్దం కదుపకు." మల్లక్క మాటకు అతను పలకలేదు. "ఓ సదానందన్నా, ఎప్పుడైనా ఒక్క పిలుపుకు పలుకుతవా? చెవుడా, పేరు మర్చిపోయినవా?"

గోదావరిఖని క్లబ్బు డాబా మీద దీప టీచరు ఆదివారాలు కెమెరా లేకుండా బొమ్మలు తీయడం నేర్పుతుంది. గని నక్షాలు తీసే కాగితం మీద కత్తిరించిన బొమ్మ ఉంచి, పైన గాజు అద్దం కప్పి ఎండలో పెట్టాలి. ఎండ తగిలినచోటు తెల్లబడుతుంది. నీడ పడినచోటు అమ్మోనియా ఆవిరికి నీలంగా తేలుతుంది.

సదానందం కత్తిరించిన ముఖం మళ్లీ కుదరలేదు. కాగితాన్ని పక్కన పడేశాడు.

"ఎవరిది?" అడిగింది దీప.

"మా అన్నది, టీచరమ్మా. ఒక్క ఫొటో లేదు. గనిల కొలువు దొరికింది గాని, డ్యూటీ ఎక్కకముందే జరమొచ్చి పోయిండు."

"అద్దంలో మీ ముఖం చూసి కత్తిరించండి. పోలిక ఉంటుంది కదా."

"నా మొహం వద్దు. ఆయనదే కావాలె."

"ఎండ పోతోంది. వచ్చే వారం చేద్దాం."

"నిన్ననే ఆఖరి డ్యూటీ దిగిన. రేపు నా రిటైర్మెంటు సభ. నాకేసే దండ ఆయనకెయ్యాలె. ఇయ్యాలనే కావాలె."

మల్లక్క నవ్వింది. "ఇన్నేండ్లు బొగ్గు తవ్వింది నువ్వు, దండ అన్నకా? వదినె ఉంటే తిడుతుండె."

"తిట్టకపోతుండె. ఆమెకు ఎరుకే."

భార్య పోయాక అతన్ని అమ్మ పెట్టిన పేరుతో, ముత్యం అని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

దీప సంచిలోంచి తన సన్న కత్తెర తీసి అతని చేతికిచ్చింది. అతను కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆగకుండా కత్తిరించాడు. వెడల్పు నుదురు, కొంచెం వంగిన ముక్కు, చిన్న గడ్డం. కళ్లున్నచోట రెండు సన్నని గాట్లు.

మబ్బు అడ్డొచ్చింది. గాలి లేచింది. మబ్బు తొలగేదాకా మల్లక్క రెండు చేతులతో అద్దాన్ని నొక్కి పట్టుకుంది.

అమ్మోనియా ఘాటుకు అందరి కళ్లూ చెమర్చాయి. కాగితం మీద ఒక పడుచువాడి ముఖం నీలంగా తేలింది.

"నీ లెక్క లేడు గద," అంది మల్లక్క.

"లేడు," అన్నాడతను తృప్తిగా.

దీప పెన్సిలు అందించింది. "కింద మీ అన్న పేరు రాయండి."

అతను రాశాడు: సదానందం.