చక్రం కింద చెక్క

కారు గోదావరి దాటించే పంటు మీదికెక్కి ఆగింది. ఆగిన చప్పుడు కూడా లేదు.

అది గంగాధర్ కారు కాదు. బావమరిది ఉదయ్‌కుమార్‌ది. హైబ్రిడ్ కారు.

"ఒక్కరోజు నడిపి చూడండి బావగారూ. నచ్చితేనే కొందురుగాని," అని ఇచ్చి పంపాడు.

గంగాధర్‌కి ఉన్న ఆధారం రొయ్యల చెరువొక్కటే. ఈ కారు కొంటే ఈ ఏడాదికి చెరువు వెయ్యడం మానుకోవాలి. కొనకపోతే, నడుం ఆపరేషనైన భార్య ఉషారాణిని ఆ పాత డీజిల్ కారులోనే కుదిపేసుకుంటూ కాకినాడ ఆసుపత్రికి తిప్పాలి. దారి పొడుగునా ఆవిడ పళ్లు బిగబట్టి కూర్చోవడం అతను అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఎటూ తేల్చుకోలేక కొన్నాళ్లుగా నలిగిపోతున్నాడు.

ఇవాళ ఆవిడ వెనక సీట్లో పడుకుని, రేవు దాకా ఒక్కసారి కూడా మూలగలేదు.

"ఏమండీ, గోదారమ్మకి రూపాయి వెయ్యాలి. నేను దిగలేను, మీరు వేసెయ్యరూ," అంటూ బిళ్ల అందించింది.

గంగాధర్ గేరు న్యూట్రల్ చేసి దిగాడు. పాత కారయితే తాళం తిప్పి ఇంజను ఆపేసి, ఫస్టు గేరులో వదిలేసేవాడు. పంటు ఎక్కేవాళ్లందరి అలవాటూ అదే. ఇందులో తిప్పడానికి తాళమూ లేదు, ఆపడానికి మోతా లేదు. దిగుతుంటే ఏదో బీప్ బీప్‌మంది గాని, సీటుబెల్టు గోల కాబోలనుకున్నాడు.

ఇంతలో ఒక ముసలాయన చంకలో చెక్కముక్కతో దగ్గరికొచ్చాడు. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం.

"బండి ఆపేశారాండి?"

"ఆపేశానయ్యా. ఏమన్నా చప్పుడు వినబడుతోందా?"

"వినబడట్లేదనేనండి, అడుగుతున్నాను."

వంగి, ముందు చక్రం కింద చెక్క పెట్టబోయాడు.

"ఇదిగో, ఇది ఒకరి కారు. గీత పడితే నేను జవాబు చెప్పుకోవాలి. తియ్యి!"

ముసలాయన తియ్యలేదు. గంగాధర్‌కి చిర్రెత్తుకొచ్చింది. చెక్కని కాలితో పక్కకి నెట్టేసి, జేబులోంచి పదిరూపాయల నోటు తీశాడు.

"దీనికోసమేగా ఇదంతా? తీసుకుని వెళ్లు."

"వద్దండి. లోపల అమ్మగారున్నారు కదాని..." అన్నాడు ముసలాయన. ఆ గొంతులో కోపం లేదు.

పంటు కదిలింది. గంగాధర్ గోదాట్లో రూపాయి వేసి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత బావమరిదికి ఫోను చేశాడు.

"కారు బాగుందయ్యా, మీ అక్క హాయిగా పడుకుంది. కానీ అంత డబ్బు పెట్టొచ్చంటావా? అదే తేలట్లేదు."

ఫోను పెట్టేసరికి ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"మంచి బండేనండి, కొనుక్కోండి. ఆవిడకి కుదుపు తెలీదు. దిగేటప్పుడు మాత్రం..."

"కార్ల సంగతి నీకెందుకులే పెద్దాయనా!"

ముసలాయన తల దించుకుని కారు అవతలి వైపుకి వెళ్లిపోయాడు.

ఎండాకాలం. నీళ్లు తక్కువ. నడి గోదాట్లో పంటు ఇసుక మేటకి తగిలి ఒక్క కుదుపు కుదిపింది. నిలబడ్డవాళ్లందరూ తూలిపోయారు.

కారు ముందుకి జారింది.

చప్పుడు లేకుండా జారింది. దాని ముందు అడ్డంగా ఒక్క ఇనప గొలుసు. గొలుసు అవతల గోదావరి. గంగాధర్ కారు వైపు ఉరికాడు.

అంతలో కారు టక్కుమని ఆగింది.

అవతలి చక్రం కింద చెక్క ఉంది. ముసలాయన అది ఎప్పుడు పెట్టాడో అతను చూడనే లేదు.

"వచ్చేశామాండీ?" అంది ఉషారాణి కళ్లు తెరిచి.

గంగాధర్ లోపల కూర్చుని, బావమరిది చూపించిన బటన్ నొక్కాడు. స్టీరింగు ముందున్న దీపాలన్నీ ఆరిపోయాయి. ఇంతసేపూ బండి ఆగలేదని అప్పుడు గాని తెలియలేదు.

అవతలి ఒడ్డు వచ్చింది. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. ముసలాయన చెక్క తీసుకుని తప్పుకున్నాడు. ఒక్క మంచిమాట అందామనుకున్నాడు గంగాధర్. సిగ్గేసి తల తిప్పుకున్నాడు. కారు ముందుకి పోనిచ్చాడు.

నెల తిరక్కుండా అలాంటి కారే కొన్నాడు. చెరువు ఈ ఏడాదికి ఎండబెట్టేశాడు. ఉషారాణి మొహంలో తేట చూశాక ఇక లెక్కలు వెయ్యాలనిపించలేదు.

కొత్త కారులో మొదటిసారి రేవుకొచ్చినప్పుడు ముసలాయన కోసం పంచెల చాపు పట్టుకొచ్చాడు. ఆ పదిరూపాయల నోటు అతని మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది మరి. పంటు ఎక్కాక బటన్ నొక్కి, బ్రేకు వేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని దిగాడు.

టికెట్లిచ్చే అప్పారావు వచ్చి చక్రం కింద చెక్క పెట్టాడు. అదే చెక్క.

"ఈ చెక్క పెట్టే మీ పనాయన ఏరండీ?"

అప్పారావు నొచ్చుకున్నాడు.

"పనాయనంటారేంటండీ! పెద్దిరాజు గారండి ఆయన. ఇరవై ఎకరాల ఆసామి. మొన్న ఏకాదశి నాడు పోయారు. పోయేముందు కబురెట్టి, ఈ చెక్క నా చేతికిచ్చి, ఏ బండికీ మానొద్దురా అని మాట తీసుకున్నారండి."

పంచెల చాపు గంగాధర్ చేతిలోనే ఉండిపోయింది.

"అంత ఆసామికి ఈ పనేంటండీ?"

అప్పారావు గొలుసు అవతల నీళ్లకేసి చూశాడు.

"మా వైపు ఇలాంటి చప్పుడు లేని కారు మొట్టమొదట కొన్నది ఆయనేనండి," అన్నాడు. "గోదారమ్మకి వెయ్యమని భార్య రూపాయి చేతికిస్తే, బండి ఆగిందనుకుని, ఆవిణ్ణి లోపలే ఉంచి దిగారండి."