బొప్పాయి మొదట్లో

మూత తీయగానే సాంబ్రాణి వాసన గుప్పుమంది. తుఫూల్ గుమ్మం వైపు ఒకసారి చూసి, గిన్నెలోని తెల్లటి నీళ్ళు బొప్పాయి మొదట్లో ఒంపేసింది. అడుగున పిండిలాంటి మడ్డి. ఇదా నా బిడ్డ కడుపులోకి పోయేది అనుకుంటే ఒళ్ళు జలదరించింది. బంక పలుకులు మళ్ళీ గిన్నెలో వేసి, మంచినీళ్ళు పోసి, తెలుపు కోసం నాలుగు చుక్కల పాలు కలిపింది.

నెలరోజులుగా తెల్లవారకముందే ఇదే పని. ఆరేళ్ళ నుజూమ్‌కు మోకాలు వాచి, మంచం దిగడమే కష్టమైపోయింది. సలాలా ఆస్పత్రి డాక్టరమ్మ మాత్రలు రాసి, వీటితో ఇంకేదీ పట్టొద్దని మరీ మరీ చెప్పింది. అశ్రద్ధ చేస్తే కాలు వంకరపోతుందట, కళ్ళకూ పాకుతుందట. ఆ మాట విన్నప్పటినుంచి తుఫూల్‌కు ముద్ద దిగడం లేదు.

అత్త బఖీత వింటేనా? పొద్దుగూకగానే హోజరీ సాంబ్రాణి బంక నానబెట్టడం, తెల్లారి మనవరాలికి పట్టడం. "నా మోకాళ్ళను నిలబెట్టింది ఇదే. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లోనే వాపులకు దీన్ని పరీక్షిస్తున్నారట, పోయి అడుగు" అని దెప్పుతుంది. ఐదో తరగతితో ఆగిపోయిన తుఫూల్ ఏమని ఎదురు చెబుతుంది? పైగా తను బడి బస్సులో ఆయా, చీకటితోనే బయల్దేరాలి. మాత్ర వేసే పనీ అత్తదే. అందుకే ఇంటికి రాగానే మాత్రల అట్ట చూసుకుంటుంది. రోజుకొకటి తగ్గే ఉంటోంది.

"నానమ్మ నీళ్ళు ఇప్పుడు చేదుగా లేవమ్మా" అని మొన్న నుజూమ్ చెవిలో చెబితే, లోలోపల నవ్వుకుంది కూడా.

ఇవాళ అత్తనూ వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళితే, డాక్టరమ్మ నుజూమ్ రెండో మోకాలు నొక్కి చూసింది. అక్కడా వాపే. రక్తపరీక్ష కాగితం చదివి నొసలు ముడిచింది.

"మందు ఒంట్లో పడుతున్నట్టే లేదు. మాత్ర రోజూ వేస్తున్నారా?"

తుఫూల్ అత్త వైపు తిరిగింది. "చెప్పత్తా, పారేస్తున్నావు కదూ?"

బఖీత చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. "అల్లా సాక్షి, ఒక్కరోజు మానలేదే. నా నమ్మకం నాది, కానీ బిడ్డ కళ్ళతో పంతమాడతానా? ఉత్తగా వేస్తే చేదని ఉమ్మేస్తోంది."

ముసలామె మనవరాలి తల నిమిరింది.

"మెత్తగా నూరి, రాత్రి బంక నానబెట్టేటప్పుడే ఆ నీళ్ళలో కలుపుతున్నాను."