మాట కర్ర

"కర్ర నా చేతిలో ఉంది ఇందాయ్, పిల్లా. నువ్వు నోరు మూసుకుని కూర్చో," అంది మానాంగ్ పెర్పెతువా.

కింద రేవులో బోటు బూర మోగింది. లేవబోయిన రోవేనా మళ్ళీ కూర్చుంది. రేపు పొద్దున సెబూ నగరంలో ఆమె పెళ్ళి. ఆ బోటు వెళ్ళిపోతే మళ్ళీ వారం దాకా ఈ దీవి నుంచి కదిలే దారి లేదు.

అందరూ మానాంగ్ అని, అంటే అక్కా అని పిలిచే పెర్పెతువా రిటైరైన టీచరు. కొండ మీద తన పొలంలోకి ఎరువు బస్తాను, మందు డబ్బాను రానివ్వదు. నేల మీద ప్రేమకొద్దీ దేశదేశాల నుంచి వచ్చి ఊరికే పనిచేసేవాళ్ళే ఆమె బలగం. అక్కడ ఏం చేయాలన్నా, పొలం విడిచి వెళ్ళాలన్నా అందరూ గుండ్రంగా కూర్చుని ఒప్పుకోవాలి. కర్ర పట్టుకున్నవాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు కిక్కురుమనకూడదు. వచ్చిన రోజే మట్టిలో చెయ్యి పెట్టి రోవేనా కూడా ప్రమాణం చేసింది.

కర్ర బెల్జియం నుంచి వచ్చిన యోస్ట్‌కు అందింది.

"నేను వానపాముల తరఫున మాట్లాడుతున్నాను," అన్నాడతను కళ్ళు మూసుకుని. "రోవేనా వేసే అరటి తొక్కలకు అవి అలవాటుపడ్డాయి. ఈమె వెళ్ళిపోతే వాటి మనసు ఏమైపోవాలి?"

అందరూ చేతులు గాల్లో ఆడించారు. చప్పట్లు కొడితే మొక్కలు బెదురుతాయి.

"నా కాబోయే అత్తగారి మనసో?" అంది రోవేనా. పెర్పెతువా పెదాల మీద వేలు పెట్టి ఉరిమి చూసింది.

కర్ర పనుల వంతులు రాసే సోలిదాద్ చేతికి వచ్చింది. "మరుగుదొడ్డి గుంట తిరగేసే వంతు రేపు రోవేనాది. పెళ్ళి ఆగుతుంది. గుంట ఆగదు."

మళ్ళీ చేతులు ఆడాయి. ఇంకా బొప్పాయి చెట్ల తరఫున ఒకరు, పంది తరఫున ఒకరు మాట్లాడాలి. రేవులో బూర ఆగకుండా మోగుతోంది.

రోవేనా ఒక్క ఉదుటున లేచి కర్ర లాక్కుంది.

"నేను వెళ్తున్నాను. కాదనేవాళ్ళు చెప్పండి!"

పెర్పెతువా నోరు తెరిచింది. కర్ర వైపు చూసి మూసేసింది. ఆమె ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

"ఎవ్వరూ కాదనలేదు. ఏకగ్రీవం!" అని ప్రకటించింది రోవేనా.

కర్రతో సహా పరుగు అందుకుంది. వెనకే అందరూ. ఒక్కరు కూడా ఆగమని అరవలేదు, అరవడానికి లేదు. పళ్ళు బిగించి, చేతులు విసురుకుంటూ, గుంపంతా మూగగా కొండ దిగింది. ప్రమాణం చేయని కుక్కలు మాత్రం మొరిగాయి.

రోవేనా నీళ్ళలో పడుతూ లేస్తూ బోటెక్కింది.

"పోనివ్వండి! తొందరగా!"

ఎవరూ కదల్లేదు. ఎండుచేపల బుట్టతో కూర్చున్న ముసలామె బూర మీద నుంచి చెయ్యి తీసి విసుక్కుంది.

"ఎవరు పోనిస్తారు తల్లీ? నడిపే దమియన్ ఏడీ? పొద్దున అరటిపళ్ళు కొనుక్కొస్తానని మీ పొలానికే వెళ్ళాడు. వాణ్ణి పిలవడానికేగా చెయ్యి పడిపోయేలా దీన్ని మోగిస్తున్నాను!"

"అదిగో, వస్తున్నాడు!" అన్నాడు మేకను పట్టుకున్నతను.

మూగ గుంపులో అందరికంటే ముందు గడ్డి టోపీ మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. ఇందాక గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో అతన్ని చూసి కొత్తగా పనికి వచ్చినవాడనుకుంది రోవేనా.

"మానోంగ్, అన్నా, నీకు పుణ్యముంటుంది! ఇంజను వెయ్యి!"

దమియన్ రొప్పుతూ వచ్చి ఆమె చేతిలోని కర్ర అందుకున్నాడు. ఇంజను వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్ళి ఇసుకలో చతికిలబడ్డాడు. కొండ దిగినవాళ్ళంతా అతని చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. ముసలామె కూడా బుట్ట పక్కన పెట్టి వినడానికి సర్దుకు కూర్చుంది.

"మా ఇంట్లో నన్ను ఏనాడూ ఒక్క మాట పూర్తి చేయనివ్వలేదు," అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "అందుకని మొదటి నుంచీ చెప్తాను. నేనింకా మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు..."